రాఘవరావు సారు తిప్పి పంపిన వ్యాసం

మొన్న కాలేజీవాళ్లు విద్యార్థుల పరిశోధన వ్యాసాలకు బహుమతులిస్తూ, పెద్దమనిషినని నన్నూ వేదిక ఎక్కించారు. బల్లమీది వ్యాసాల నుంచి కొత్త బైండింగు జిగురు వాసన గుప్పున కొట్టింది. ఆ తర్వాత ఉపన్యాసాల్లో ఒక్క ముక్కా చెవికెక్కలేదు. రాఘవరావు సారు గుర్తొచ్చారు.

సారుది కామారెడ్డి. హైదరాబాదులో నేను చదివిన కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో, మా కాలేజీ ఏటా మంచి పరిశోధన వ్యాసానికిచ్చే పతకానికి నేనూ పోటీపడ్డాను. ఎల్లారెడ్డి పక్కన మా ఊరికి మా బాపు మాలీపటేలు. శిస్తు వసూలు, చెరువు నీళ్ల పెత్తనం ఆయనవే. "ఇనాం తెస్తివా, ఇంక రెండేండ్లు సదువుకో. తేకుంటె వచ్చి పటేల్‌గిరి జూస్కో," అన్నాడు. బాపు మాటంటే మాటే. నాకేమో చదువంటే ప్రాణం.

చెరువు నీళ్లు రైతులకెలా అందుతున్నాయన్నది నా విషయం. సెలవుల్లో ఇంటికొచ్చి, బాపు కింద పనిచేసే ఊరి సుంకరిని పంపి రైతులను మా అరుగు దగ్గరికి పిలిపించాను. అందరిదీ ఒకటే మాట, "మంచిగొస్తున్నయి పటేలా" అని. ఇంకేం, వ్యాసం చకచకా పూర్తయింది. కామారెడ్డి వెళ్లి, సెలవులకు ఇంటికొచ్చి ఉన్న సారు చేతిలో పెట్టాను.

"ఏడ గూసొని అడిగినవ్‌రా?" అన్నారు చదివి.

"మా అరుగు మీద సార్."

"మరి వాండ్లు?"

"కింద నిలబడ్డరు."

సారు పడీపడీ నవ్వారు. "మీ ఇంటి ముంగట మీ బాపు మీద ఫిర్యాదు ఎవడు జేస్తడురా? పో, మల్ల అడిగి రా."

ఈసారి కాలువ వెంట నడిచాను. మా మడుల దగ్గర, నీళ్లన్నీ మా పొలంలోకే మళ్లేలా, కాలువ గట్టుకు గండి కొట్టి ఉంది. అక్కణ్నుంచి కిందికి తడి లేదు. చివరి మడి ఎల్లవ్వది. వరి ఎండిపోయి నేల నెర్రెలిచ్చింది.

"నీళ్లొస్తున్నయా అవ్వా?"

"వస్తున్నయి పటేలా, మీ దయ," అంది తలెత్తకుండా.

నాకు ఒళ్లు మండింది. మళ్లీ కామారెడ్డి వెళ్లి, ఆమె అబద్ధమాడిందని సారుకు చెప్పాను. సారు ఈసారి నవ్వలేదు.

"అబద్ధం గాదురా, భయం. గదే రాయి. నువ్వెవని కొడుకువో, ఆమె ఏడ నిలబడి ఏమన్నదో, మీ గండి సంగతి గూడ."

"రాస్తే ఇనాం వస్తదా సార్?"

"రాకపోవచ్చు. రాయకుంటె మాత్రం పోటీకి పంపేటందుకు నేను సంతకం పెట్ట."

రాశాను. పతకం రాలేదు. ఇంటి గొడవలు పరిశోధన కావన్నారట పరీక్షించినవాళ్లు. చదువాపి ఊరికి బయలుదేరితే, సారు రైలు దాకా వచ్చి సాగనంపారు. కోపంతో నేను ఆయనతో పలకలేదు.

బాపు అన్నట్టే పటేల్‌గిరి నా నెత్తిన పడింది. మరుసటి ఏడు పార తీసుకెళ్లి మా గండి నేనే పూడ్చాను. బాపు చాలా రోజులు నా మొహం చూడలేదు. గండి పూడ్చిన రోజే నీళ్ల వెంట నడుచుకుంటూ ఎల్లవ్వ మడి దాకా వెళ్లాను. నేనేమీ అడగలేదు. ఆమె నీళ్లలో చెయ్యి పెట్టి చూసి, తలెత్తింది.

"పోయినేడు సుక్క రాలే పటేలా."

ఆగిపోయిన చదువు గురించి ఇప్పటికీ బాధే. కానీ ఎవరైనా నాతో అంతా బాగుందంటే, ముందు నేనెక్కడ కూర్చుని అడిగానో చూసుకుంటాను.