పెద్ద సిస్టర్‌కు మడిచిన పొట్లాలు

పెద్ద సిస్టర్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను హైదరాబాదు దవాఖానాలో ఉన్నాను. మా ఆయనకు పదో విడత కీమో ఎక్కుతోంది. ఫోన్ చేసింది చర్ల దగ్గరి సబ్‌సెంటర్ ఆయమ్మ. "పొద్దూకే లోపల మట్టి చేస్తరట సిస్టరూ. నువ్వు రాలేవని ఎరుకే. చెప్పకుంటే మనసొప్పలె" అంది. సెలైన్ సీసా సగం కూడా కాలేదు. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాను. మా ఆయనకు ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను గాని, నా ముఖం చూసే పట్టేశాడు.

నిరుటి దాకా ఆ సబ్‌సెంటర్లో నర్సును నేనే. మా ఆయన టైలరు. గొంతులో గడ్డ బయటపడ్డాక మూడు వారాలకోసారి హైదరాబాదు పోవాల్సి వచ్చింది. సబ్‌సెంటర్ ఉన్న గూడెం నుంచి చర్ల దాకా నడక, అక్కడి నుంచి భద్రాచలం, ఖమ్మం, బస్సు మీద బస్సు. సెలవులన్నీ అయిపోయాయి. ఉద్యోగం మానేస్తే వైద్యం ఆగుతుంది, మానకపోతే మనిషి దారిలోనే పోయేలా ఉన్నాడు. ఖమ్మంలో మీటింగుకు వెళ్లినప్పుడు, ఏడుపు ఆపుకోలేక మెట్ల దగ్గర నిలబడ్డాను.

పెద్ద సిస్టర్ అప్పుడు తల్లాడలో నర్సు. రోడ్డు మీద సెంటరు, గుమ్మం ముందే బస్సు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. నా దగ్గరికొచ్చి, "నా జాగకు నువ్వు రా, నీ జాగకు నేను పోత. మ్యూచువల్ బదిలీ కాగితం మీద జల్దీ సంతకం పెట్టు" అన్నారు. "అడవిలో నీకెందుకక్కా?" అన్నాను. "తల్లాడ దుమ్ముకు దమ్మొస్తంది పిల్లా. నాకు గాలి కావాలె" అన్నారు. నమ్మాను. నమ్మడం నాకు అవసరం కాబట్టి నమ్మాను.

జాగాలు మారాక ఆమె నెలనెలా ఖమ్మం మీటింగుకు పోతూ తల్లాడలో మా ఇంటి దగ్గర దిగేవారు. ఎన్నడూ కూర్చునేవారు కాదు. చాయ్ కూడా గడపలో నిలబడే తాగేవారు. "కాసేపు కూచో అక్కా" అంటే, "కూసుంటే భయమొచ్చి పక్కన కూసుంటది" అనేవారు. ఆమె హుషారు చూసి నాకు సిగ్గేసేది.

మా ఆయన మిషన్ ఎక్కడం మానేసి గోడకేసి చూస్తూ పడుకునేవాడు. ఒకసారి ఆమె ఒక పాత పేపర్ల కట్ట తెచ్చి అతని ఒళ్లో పడేశారు. "ఏందయ్యా, గోడకు కొలతలు తీస్తున్నవా? మా గూడెంకు మాత్రల పొట్లాలు కావాలె, మడువు." అంత నీరసంగా ఉన్న మనిషికి పని చెబుతారా అని నాకు కోపమొచ్చింది. నన్ను పక్కకు పిలిచి, "రోగికి మనం పని చెప్పకుంటే రోగం చెప్తది" అన్నారు. మీ ఇంట్లో రోగం ఉంటే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆ నెల నుంచి అతను పేపరు మడిచి, చొక్కా కాలరుకు చేసినట్టు బొటనవేలి గోటితో నొక్కేవాడు. "ఇంత ముద్దుగ మడిస్తే జరం సిగ్గుపడి పోతదయ్యా" అని ఆమె నవ్వించేవారు.

పదకొండో రోజున, మా ఆయన్ని ఆడపడుచుకు అప్పజెప్పి గూడెం పోయాను. ఆయమ్మ చెప్పింది. టీకాలు వేసి తిరిగొస్తూ పెద్ద సిస్టర్ ఇప్పచెట్టు కింద కూర్చున్నారట. "టీకాల డబ్బా నువ్వు తీస్కపో, ఐసు కరుగుతది. నేనెనక వస్త" అన్నారట. మళ్లీ లేవలేదు.

"ఆమె కూర్చోవడం నేనెన్నడూ చూడలే" అన్నాను.

ఆయమ్మ నన్ను వింతగా చూసింది. "ఎట్ల కూసుంటది సిస్టరూ? ఈడికొచ్చేనాటికే మోకాళ్లు పోయినయ్ గద. కూసుంటే ఇద్దరం పట్టి లేపాలె. తల్లాడల మీకు చెప్పకని నాతోని ఒట్టేయించుకున్నది."

నేను నర్సును. ఇరవై ఏళ్లుగా మనుషుల నడక చూసి రోగం చెప్పేదాన్ని. మా గడపలో నిలబడ్డ కాళ్లను మాత్రం చూడలేదు. ఇది నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. వండుతూ లేస్తాను, తింటూ లేస్తాను.

తిరిగొచ్చి మా ఆయనకు అంతా చెప్పాను. అతను పేపర్ల కట్ట ముందుకు లాక్కున్నాడు.

"ఇంకెవరికి?" అన్నాను.

"కొత్త సిస్టర్ వస్తది గద. నువ్వు గట్ల తిరగకు, ఇట్ల కూసో."

ఇంకా రెండు విడతలున్నాయి. పక్కన కూర్చుని నేనూ ఒక పేపరు తీసుకున్నాను. నా మడత వంకర పోయింది. అతను నా చేతిలోంచి తీసుకుని, మందులకు నల్లబడిన గోటితో మెల్లగా నొక్కి సరిచేశాడు.