సారు పట్టిన నా గొంతు

అరబ్బు దేశంలో, అల్ ఖౌద్ అనే చోట నేను పనిచేసిన ఇంటి మేడం యూనివర్సిటీలో పాఠాలు చెప్పేది. ఇంగ్లండులో ఒంటరిగా ఉన్న వాళ్ల నాయన వయసైపోయి కూతురి దగ్గరికే వచ్చేసినాడు. నేను సార్ అని పిలిచేదాన్ని. యాభై ఏళ్లు నటుడుగా బతికిన మనిషి. హీరో వేషం ఒక్కసారి కూడా దొరకలేదంట. పోలీసు, పాదిరి, తాగుబోతు, డాక్టరు, ఒకసారి శవం, ఏది ఇస్తే అది వేసినాడు. ముఖం కంటే గొంతే నాకు ఎక్కువ అన్నం పెట్టింది అనేవాడు. రేడియో నాటకాలు, పిల్లల బొమ్మల సినిమాల్లో ఎలుగుబంటి, ముసలి గాడిద, ఆఖరికి మాట్లాడే టీ కెటిలు కూడా.

ఏ గొంతు విన్నా ఇట్టే పట్టేసేవాడు. నీళ్ల ట్యాంకరు డ్రైవరు ఉర్దూ, పక్కింటి అవ్వ అరబ్బీ, నేను ఫోన్లో మాట్లాడే కడప తెలుగు, అర్థం తెలియకపోయినా అచ్చం దింపేవాడు. నేను కూరగాయలు కోస్తా పడీపడీ నవ్వేదాన్ని.

ఆ ఏడు మా చెల్లెలికి తొలి కాన్పు. అమ్మ లేదు, నేనే పోవాల. "నాన్నను ఒక్కణ్ణే వదల్లేను, కొంచెం ఆగు" అని మేడం రెండుసార్లు అనింది. రెండోసారి నాకు కడుపు మండింది. వంటింట్లో నుంచి ఆ దేశంలోనే హమ్రియాలో ఉండే, గోదావరి జిల్లా నుంచి వచ్చిన వదినకు ఫోన్ చేసి ఏడ్చినాను.

"ఈ ముసలోడు ఎప్పుడు పోతాడో, నాకెప్పుడు సెలవొస్తాదో!"

సారు తలుపు పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆయనకేం అర్థమవుతాదిలే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మేడంతో పనిచేసేవాళ్లు భోజనానికొచ్చినారు. సారు అందరి గొంతులూ చేసి చూపించి, ఆఖరున నాది అందుకున్నాడు. అదే మాట. నా ఏడుపుతో సహా, ముక్కు ఎగబీల్చడంతో సహా. అందరూ చప్పట్లు కొట్టినారు.

"దానికి అర్థమేంటి?" అని మేడం అడిగింది.

"సార్ నూరేళ్లు చల్లగా ఉండాలని, మేడం" అన్నాను.

ఆ తర్వాత రోజూ పొద్దున టీ ఇస్తానే సారు తల వంచి అదే మాట అనేవాడు. వారం రోజులు విన్నాను. ఇంక తట్టుకోలేక, వచ్చీరాని ఇంగ్లిషులో ఉన్నదున్నట్టు చెప్పేసినాను.

ఆయన కప్పు కింద పెట్టినాడు. "మాటలు తెలియవు గానీ, అది దీవెన కాదని ఆరోజే తెలుసు. దీవించే గొంతు అట్లా బొంగురుపోదు. బతుకంతా నేను చేసిన పని అదే కదా."

"మరి రోజూ ఎందుకన్నారు సార్?"

"నీ అంతట నువ్వే చెప్తావేమోనని. నేను చేసింది కూడా మంచిపని కాదులే. నన్ను క్షమించు."

తప్పు నాది, క్షమించమన్నది ఆయన. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రమే ఆయన కూతురితో గొడవపడి నాకు నెల సెలవు ఇప్పించినాడు. చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఎత్తుకున్నా నా మనసు మనసులో లేదు. అక్కడ సారుకు ఏమన్నా అయితే నా నోటిమాటే తగిలినట్టు కదా అని దినామూ భయమే.

తిరిగొచ్చేసరికి సారు బాగానే ఉన్నాడు. పాప ఫోటో చూసి, ఎట్లా ఏడుస్తాదని అడిగి, ఆ ఏడుపు చేసి చూపించినాడు. ట్యాంకరు డ్రైవరు గొంతూ, అవ్వ గొంతూ మామూలే. నాది మాత్రం మళ్లీ పట్టలేదు.

ఒకరోజు నేనే అడిగినాను, "నాది చేయండి సార్."

తల అడ్డంగా ఊపినాడు. "వద్దు. అది నీ దగ్గరే ఉండనీ" అన్నాడు.