బొల్లారంలో మోగిన అలారం

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. కంప్యూటరు మొరాయిస్తే కారణం వైర్లోనో, ఫైల్లోనో, నా బుర్రలోనో ఉంటుందని నమ్మే మనిషిని. ఈ బొల్లారం సంగతి తలచుకుంటే భయం కాదు, కోపం వస్తుంది.

రెండు వేల దశకం మధ్యలో పటాన్‌చెరులో ఉంటూ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లు చూసేవాడిని. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. కొన్నాళ్ల ముందే అక్కడ రసాయనాలు మరిగించే మూడో రియాక్టరు వేడెక్కి పేలి, యాదయ్య అనే ఆపరేటరు చనిపోయాడు. అలారం మోగినా అతను పట్టించుకోలేదని, తప్పంతా అతనిదేనని యాజమాన్యం తేల్చేసింది. చచ్చిన మనిషి వచ్చి కాదనడు కదా.

పేలుడులో అలారం కంప్యూటరు కూడా పోయింది. కొత్తదానిలో విండోస్‌కు బదులు లినక్స్ వేశారు. అలారం సాఫ్ట్‌వేరేమో పాత విండోస్ మీదే నడుస్తుంది. లినక్స్ లోపల ఇంకో కంప్యూటరు ఉన్నట్టు నడిపే వర్చువల్ మెషీన్ పెట్టి, దాంట్లో విండోస్ వేయడం నా పని.

పట్టపగలు, మేనేజరు గదిలోనే కూర్చుని చేశాను. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కు సరిపోయే ఫైళ్లు లేవని ఇన్‌స్టలేషన్ మధ్యలో ఆగితే, వెతికి వేసి మళ్లీ మొదలుపెట్టాను. చివరికి విండోస్ తెరుచుకుంది. అలారం సాఫ్ట్‌వేర్‌ను సీడీ నుంచి కొత్తగా ఎక్కించాను. రియాక్టర్ల కేబుల్ ఇంకా తగిలించలేదు. స్పీకర్లు లేవు. వర్చువల్ మెషీన్‌కు సౌండ్ కార్డు కూడా ఇవ్వలేదు.

సాఫ్ట్‌వేర్ తెరవగానే తెర మీద మూడో రియాక్టరు ఎర్రబడింది. అలారం మోగింది.

వర్చువల్ మెషీన్ ఆపాను. మోగుతూనే ఉంది. లినక్స్ ఆపాను, తెర నల్లబడింది. ఆఖరికి ప్లగ్గు పీకాను. అయినా మోత ఆగలేదు.

"జల్దీ బంద్ చెయ్యవయ్యా," అన్నాడు మేనేజరు.

మోత విని యాదయ్య భార్య పోచమ్మ తలుపు దాకా వచ్చింది. ప్యాకింగ్‌లో పనిచేస్తుంది. ప్రమాదం రోజు కూడా డ్యూటీలోనే ఉందట.

"గిది ఆ దినం మోగలే సారూ. నేను ఈడనే ఉన్న. మోగితే మా ఆయన గాడనే నిలవడెటోడా? అందర్ని బయటికి ఉరికిచ్చెటోడు."

ఆమె మాట పూర్తికాగానే మోత ఆగింది.

మేనేజరు ఆమె వైపు చూడనైనా లేదు. "గేటు దాకా ఇనవడ్డదా?" అని గుమస్తాను అడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, "యూనియనోళ్లు చెప్పి చేయించిండ్రా?" అన్నాడు.

లోపల స్పీకరే లేదని కంప్యూటరు పెట్టె విప్పి చూపించబోయాను, చూడలేదు. "ముందు ఆమెకు జవాబు చెప్పండి సార్," అన్నాను. నన్ను బయటికి పంపించేశారు. మళ్లీ పిలవలేదు. యాదయ్య మీద వేసిన తప్పు అలాగే ఉండిపోయింది.

కరెంటు లేని పెట్టె ఎలా మోగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ మేనేజరును మాత్రం ఒక్కసారి నిలదీయాలనిపిస్తుంది. మోగకూడనప్పుడు మోగితే అంత కంగారు పడ్డావే, మోగాల్సిన రోజు మోగకపోతే ఎందుకు పడలేదు?