టామ్ కోసం గుచ్చిన దండ

నిన్న నేను చేసిన ఘనకార్యం వినండి. విన్నాక, నా దగ్గర సోషల్ చదువుకున్నవాళ్ళు ఆ సంగతి పైకి చెప్పుకోకండి!

కరోనాకి విమానాలు ఆగిపోయి, ఐరిష్ వాళ్ళ దేశంలో అత్లోన్‌లో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి ఇంట్లో చిక్కుకుపోయాను కదా. పొద్దున్నే ఫోన్‌లో మా ఊరి బడిపిల్లలకి అమెరికా అధ్యక్షుల పాఠం చెప్పాను. లింకన్ బానిసత్వాన్ని తీసేయించాడు, రూజ్‌వెల్ట్ వృద్ధులకి పింఛను తెచ్చాడు, కెనడీ చంద్రుడి మీదికి మనిషిని పంపుదామన్నాడు. "మనిషి పోయినా చేసిన పని ఉంటుందర్రా" అని నీతి కూడా చెప్పాను.

చెప్పాక పక్కింటి నోరా గుర్తొచ్చింది. ఎనభై ఏళ్ళావిడ. ఆవిడ భర్త టామ్, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, మొన్న ఆస్పత్రిలో పోయాడు. ఆయన్ని నేను చూడనేలేదు. అంత్యక్రియలకి పదిమందికే అనుమతి. మేమంతా రోడ్డు పక్కన నిలబడి, పేటిక ఉన్న కారుకి దణ్ణం పెట్టాం. అంతే. మన దగ్గరైతే ఆ గుమ్మంలో చెప్పులు విప్పడానికి చోటుండేదా?

మనసాగక, పెరట్లో పసుప్పచ్చ డాఫొడిల్స్ కోసి దండ గుచ్చాను.

"అమ్మా, రెండు మీటర్లు!" వెనక నుంచి మా అమ్మాయి కేక.

నోరా తలుపు తీసింది. ఎలా ఉన్నారంటే "గ్రాండ్" అంది. బాగున్నానని చెప్పడానికి ఇక్కడ అందరూ అదే అంటారు. కళ్ళు మాత్రం వాచి ఉన్నాయి. వెనక గోడ మీద ఏసుప్రభువు పటం, పక్కనే సూటులో నవ్వుతున్న అందగాడి ఫొటో, కింద చిన్న ఎర్ర దీపం. ఫొటో దగ్గర దీపమంటే మనకి ఇంకేం తోస్తుంది?

"ఎంత అందగాడండీ! ఎంత దిగులో మీకు!" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"దేశమంతా ఏడ్చింది" అంది.

బస్సు డ్రైవర్ కోసం దేశమంతానా! ఎంత మంచివాడో అని నాకూ కళ్ళు చెమర్చాయి. దండ గడప మీద పెట్టి, వెనక్కి జరిగి, "ఆయనకి వెయ్యండి" అని చూపించాను. నోరా వింతగా చూసి, వేసింది.

"పెళ్ళప్పటి ఫొటోనా?"

"ఎవరి పెళ్ళి?"

"మీదీ, టామ్‌దీ."

నోరా ఫొటో వంక చూసింది. నా వంక చూసింది. "టామ్‌ది బట్టతలమ్మా! ఈయన ప్రెసిడెంట్ కెనడీ. మా ఐరిష్ రక్తమని మా అమ్మ పెట్టుకుంది."

మా పుస్తకంలో గడ్డం లింకన్ బొమ్మ ఒక్కటే ఉండేది, నన్నేం చెయ్యమంటారు!

నోరా నవ్వింది. తలుపు పట్టుకుని మరీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చింది. దగ్గరికెళ్ళి వీపు నిమరడానికి లేదు. రెండు మీటర్ల అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాను, క్లాసు బయట నిలబెట్టిన పిల్లలా.

కాసేపటికి దండ తీసింది. "టామ్ ఫొటోలు లేవు. ఎప్పుడూ కెమెరా ఆయన చేతిలోనే ఉండేది." తలుపు పక్క కొక్కేనికి ఆయన టోపీ వేలాడుతోంది. దండ దానికి వేసి, సర్ది, "గ్రాండ్" అంది మెల్లగా.

ఇవాళ క్లాసులో ఒక పిల్ల అడిగింది, "టీచర్, కెనడీ ఎలా ఉంటాడు?"

"బట్టతల మాత్రం కాదమ్మా" అన్నాను. "అంతవరకు నాకు బాగా తెలుసు."