ఇత్తడి బిళ్ళ మీద నంబరు

అందరూ కులాసాయేనా? మూడో నంబరింటి అత్తగారి మోకాలు ఎలా ఉంది? మెట్లు దిగవద్దని చెప్పాను, ఆవిడ దిగుతూనే ఉంటారు. మేడ మీది పాపకి జ్వరం తగ్గిందా? పక్కింటి అబ్బాయి ఆ దగ్గుతోనే ప్లాంటుకి డ్యూటీకి పోతున్నాడు, ఎవరికైనా చూపించాడో లేదో. నేను బాగానే ఉన్నాను. మా మరిదే లేడు. పోయిన నెల ఆనందపురంలో, తన బంతితోటలోనే పోయాడు. మన కూర్మన్నపాలెం కాలనీ పుస్తకంలో అతని గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. నాకు చదువు అంతంతమాత్రం. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

నేను అన్నిటికీ బెంగపడే మనిషినని మీకందరికీ తెలుసు. అందుకని మా మరిది రోజూ పొద్దున్న ఆరింటికి ఫోను చేసేవాడు. ఒకటే మాట. "బతికే ఉన్నాను వదినా, పెట్టేత్తన్నాను." నేను రెండో మాట అడిగేలోపు పెట్టేసేవాడు. ఆ రోజు ఆరయింది, ఏడయింది, మోగలేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఎనిమిదింటికి అతని నంబరు నుంచే వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. "బతికే ఉన్నావేటి నాయినా? నన్ను సంపేత్తన్నావు గదా!" అన్నాను. అవతల మా తోటికోడలు. "మీ మరిది ఇంక నేరక్కా" అంది.

అతను పోర్టు వైపు ఒక పాత బంగళాలో తోటమాలిగా చేశాడు. అక్కడ గడ్డి కోయడానికి ఎప్పటిదో ఒక పొట్టి ట్రాక్టరు ఉండేది. ఆవుదూడంత ఉంటుంది. బంగళావాళ్ళు తుక్కులో పడేస్తుంటే బతిమాలి తెచ్చుకున్నాడు. వెనకాల చిన్న నాగలి కట్టి బంతి సాళ్ళ మధ్య దున్నేవాడు. పెద్ద ట్రాక్టరు ఆ సాళ్ళలో పట్టదు. ఆ తోట మీదే వాళ్ళ తిండి.

ఇంజను పక్కన గుండ్రంగా ఒక డబ్బా ఉండేది. డైనమో అనేవారు. బండిని స్టార్టు చేసేదీ అదే, బ్యాటరీకి చార్జింగు ఎక్కించేదీ అదే. దాని మీద వేలెడు ఇత్తడి బిళ్ళ. ఏటా దసరాకి ఆయుధపూజ నా చేతే చేయించేవాడు. దీపపు కుందులతో పాటు ఆ బిళ్ళని కూడా చింతపండూ ఇటుకపొడీ వేసి తోమేదాన్ని. ఇత్తడి మురికిగా ఉంటే నాకు మనసొప్పదు. "ఇంక ఒగ్గెయ్ వదినా, దీన్లో సూసి గెడ్డం గీసుకోవచ్చు" అనేవాడు. పసుపు రాసి బొట్టు పెట్టి, బండికి ఏమీ కాకూడదని దణ్ణం పెట్టుకునేదాన్ని.

రెండేళ్ళ కిందట ఆ డబ్బా కాలిపోయింది. టౌన్లో పాత డైనమోలు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి వెళ్తే, "నంబరు సెప్పు బావా. సూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. కుడికి తిరిగేది ఏరు, ఎడమకి తిరిగేది ఏరు" అన్నాడట. నంబరు ఉండాల్సింది ఆ ఇత్తడి బిళ్ళ మీదే, చూస్తే అంకెలే లేవు. ఏమైందని నేనే అడిగాను. "ఉప్పుగాలి తినేసింది వదినా" అన్నాడు. కాబోలనుకున్నాను.

మేస్త్రీ తెచ్చిన మొదటిది బిగించడానికే కుదరలేదు. రెండోది వెనక్కి తిరిగింది. మూడోది బండిని లేపింది గానీ చార్జింగు ఎక్కించలేదు, బ్యాటరీ పడుకుని బండి సాలు మధ్యలో నిలిచిపోయింది. ఆ బరువులు సంచిలో వేసుకుని బస్సుల్లో తిరిగి తిరిగి, చివరికి తాడు పట్టాడు. ఇంజను చక్రానికి తాడు చుట్టి ఒక్క గుంజు గుంజితే లేస్తుంది. గుండెకి బరువు పని పనికిరాదని డాక్టరు చెప్పాడు. నేను ఫోనులో మొత్తుకునేదాన్ని. "నీ బెంగంతా బ్యాటరీకి ఎక్కిత్తే వదినా, డైనమోతో పనే నేదు" అని నవ్వేవాడు.

ఆ రోజు నాకు ఫోను చేసే ముందే తాడు పట్టాడట. మూడుసార్లు గుంజాడు. నాలుగోసారి చుట్టి, అలాగే కూర్చుండిపోయాడు. తాడు చేతికి ఉండగానే పోయాడు.

అతను పోయిన నాలుగో రోజున అందరం వాకిట్లో కూర్చుని ఉండగా ఆటో వచ్చి ఆగింది. మేస్త్రీ గోనెసంచి దించుకుంటూ అక్కడి నుంచే కేకలు. "బావా! దొరికింది! నీ ట్రాక్టరుకి తోడబుట్టింది ఓ బంగళాలో ఉంది! దాని నంబరు రాసుకుని ఎతికేను. అచ్చం ఇదే! ఏటి, పలకవేటి?"

మేస్త్రీ గుమ్మం దాకా వచ్చాడు. ఇంట్లో వెలుగుతున్న దీపం చూసి సంచి మీదే చతికిలబడ్డాడు.

కాసేపటికి మా తోటికోడలు అతన్ని ట్రాక్టరుండే పాకలోకి తీసుకెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. అతను తెచ్చిన దాన్ని పాతదాని పక్కన పెట్టాడు. ఒక బిళ్ళ మీద అంకెలు బాగా కనిపిస్తున్నాయి. ఇంకోటి అద్దం.

"మా దాన్నే ఉప్పుగాలి తినేసిందేటి అన్నయ్యా?" అంది తోటికోడలు.

"ఉప్పుగాలికి ఇత్తడి పచ్చబడిపోద్ది సెల్లెమ్మా, ఇలా నున్నగవదు. ఎవులో తోమి తోమి అంకెలు తీసీసేరు. బావకి తెలుసు. 'మా ఇంట్లో అనకు, వదినకి తెలిస్తే కూడు మానేత్తాది' అన్నాడు."

ఆ వదిన నేనేనని అతనికి తెలియదు. మా తోటికోడలు నా వైపు తిరిగింది.

"ఈవిడే అన్నయ్యా. ఏటీ మానీనేదు. పొద్దున్న మూడిడ్లీలు తింది."

నిజమే, తిన్నాను. ఇన్నేళ్ళలో ఎన్నిటికి బెంగపడ్డానో లెక్కలేదు. ఆ బిళ్ళకి మాత్రం ఒక్కనాడూ బెంగపడలేదు. అతనికి తెలిసి కూడా నెపం ఉప్పుగాలి మీద పెట్టి రెండేళ్ళు తాడు గుంజాడు. పొద్దున్నే ఆయాసంతోనే నాకు ఫోను చేసేవాడేమో. అంత తొందరగా ఎందుకు పెట్టేసేవాడో ఇప్పుడనిపిస్తుంది.

ఆ తాడు పాకలో మేకుకి వేలాడుతోంది. అతను చేతికి చుట్టుకునే చోట నల్లగా, నూనె పట్టి మెత్తగా ఉంది.

పెద్దకర్మ అయ్యాక మా తోటికోడలు నాతో మాట్లాడలేదు. నిన్న తనే ఫోను చేసింది.

"బుదారం మేస్త్రీ కొత్తది బిగిత్తాడు. సాళ్ళు దున్నకపోతే తోట పోద్ది. బండికి బొట్టెట్టాల. నానెట్టకూడదంటారు గదా, నువ్వొచ్చి ఎట్టు."

సరేనన్నాను.

"సింతపండు మాత్రం తేకు" అని పెట్టేసింది.

బుధవారం పొద్దున్న ఆరింటికల్లా అక్కడ ఉంటాను.