ముందు వాసన చూడండి

జగన్మోహన్ గారింట్లో కాఫీ తాగాలంటే ఒక నియమం ఉండేది. కప్పు చేతికి రాగానే గుటక వేస్తే ఊరుకునేవారు కాదు. "ముందు వాసన చూడండి," అనేవారు. ఆ తర్వాతే తాగాలి. శనివారం పొద్దున్నే జెర్సీ సిటీలో వాళ్ల మూడో అంతస్తు అపార్ట్‌మెంట్లో చేరిన మేమంతా, పెళ్లిలో అక్షింతలు పట్టుకు నిలబడ్డట్టు కప్పులు పట్టుకుని, బుద్ధిగా ముక్కుల దగ్గర పెట్టుకునేవాళ్లం. భాస్కర్ ఒక్కడు దొంగచాటుగా ముందే చప్పరించి తిట్లు తినేవాడు. అవీ తిట్లేనా? "ఏమయ్యా, దేవుడు నీకు ముక్కెందుకిచ్చాడు, కళ్లజోడు పెట్టుకోవడానికా?" అనేవారు. అంతకు మించి పరుషంగా మాట్లాడటం ఆయనకు చేతకాదు.

నేను వాళ్ల కింది అంతస్తులో ఉండేదాన్ని. ఆయన్ని అన్నయ్యగారూ అనీ, ఆయన భార్య ప్రమోదని వదినా అనీ పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. ఆ రోజుల్లో అక్కడ వరసలు మనమే కలుపుకోవాలి. ఆయన న్యూయార్క్‌లో ఒక కంపెనీలో వంతెనల డ్రాయింగులు గీసేవారు. పుట్టి పెరిగింది బెజవాడలో, ఒక కాఫీ పొడి కొట్టు మీద అద్దె గదుల్లో. కింద గింజలు వేయిస్తుంటే ఆ వాసనకే నిద్ర లేచేవాణ్ణని చెప్పేవారు. చిటికెడు పొడి అరచేతిలో వేస్తే చాలు, చికోరీ ఏ పాటి కలిసిందో చెప్పేసేవారు. వాళ్లకి పిల్లల్లేరు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు. శనివారం ఇల్లు నిండితే మాత్రం ఇద్దరి మొహాలూ వెలిగిపోయేవి.

ఆ కాఫీ ఊరికే కుదరలేదు. డెబ్భై ఎనిమిదిలో, వచ్చిన కొత్తలో, సూపర్‌మార్కెట్ డబ్బా పొడి తెచ్చి ఇత్తడి ఫిల్టర్లో వేస్తే నీళ్లు నిలబడకుండా జారిపోయేవి. కింద డికాక్షన్ అనుకుని చూస్తే పప్పు కడిగిన నీళ్లు. గింజలు కొని ఇంట్లో పొడి చేసుకోవాల్సిందేనని ఆయన తేల్చారు. మొదట ఒక కరెంటు గ్రైండర్ కొన్నారు. అందులో బ్లేడు గిర్రున తిరిగి గింజల్ని నరికేదే కానీ నలిపేది కాదు. సగం ముక్కలు, సగం దుమ్ము. ముక్కల్లోంచి సారం దిగదు, దుమ్ము పోయి ఫిల్టర్ కన్నాల్లో కూరుకుంటుంది. పైగా పొడి వేడెక్కి, ఉన్న వాసన కాస్తా గదిలోనే పోతోందని ఆయన బాధ.

ఇక షర్టు జేబులో గుప్పెడు గింజలు పోసుకుని ఆదివారాలు షాపుల వెంట పడ్డారు. ప్లగ్ పెట్టి నా గింజలు ఆడించి చూపిస్తే కొంటానంటే ఎవరు చూపిస్తారు? వదిన సిగ్గుతో షాపు బయటే నిలబడేది. "పెళ్లిచూపులకి నన్నొక్కదాన్నే చూశారు నళినీ, ఈ గ్రైండర్‌కి న్యూయార్క్ అంతా తిరుగుతున్నారు," అని నవ్వేది.

చివరికి అది హొబోకెన్‌లో దొరికింది. మాకు పక్క ఊరే. అక్కడ నది ఒడ్డున పెద్ద కాఫీ ఫ్యాక్టరీ ఉండేది. గింజలు వేయించినప్పుడు ఆ వాసన వీధులన్నీ కమ్మేసేది. మొదటిసారి ట్రైన్ దిగి బయటికి రాగానే అన్నయ్యగారు నిలబడిపోయి, "ప్రమోదా, బెజవాడొచ్చేశామా?" అన్నారట. ఆ ఊళ్లోనే ఒక ముసలి ఇటాలియన్ షాపులో, పై అరలో, చేత్తో తిప్పే మర ఉంది. చెక్క పెట్టె, పైన ఇత్తడి గిన్నె, పక్కన పిడి, లోపల పళ్లున్న రెండు ఉక్కు చక్రాలు. బిగిస్తే సన్నం, వదిలితే బరక. బొంబాయి రవ్వ కన్నా ఒక పిసరు సన్నంగా వచ్చేదాకా తిప్పి తిప్పి చూసుకుని, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చారు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏ పూటకా పూటే పొడి. మర తిప్పడం ఆయన పని, కాఫీ కలపడం వదిన పని. తెర్లిన నీళ్లు ఒక్క క్షణం ఆగాకే పొయ్యాలి. పొడిని నొక్కకూడదు. అక్కడి గ్యాలన్ డబ్బా పాలకి మీగడ కట్టదు కాబట్టి, సగం పాలు సగం మీగడగా అమ్మే హాఫ్ అండ్ హాఫ్ కాస్త కలిపి, పొంగు రాగానే దింపాలి. ఈ సంగతులన్నీ వదిన ఆయన దగ్గర నేర్చుకుని, ఆయన్నే మించిపోయింది. మొదటి గుటక తర్వాత ఆయన ఆవిడ వైపు చూసి, "బావుంది," అనేవారు. రోజూ అదే మాట, రోజూ అదే మొదటిసారి అన్నట్టు. ఆ మాట వింటేగానీ వదిన తన కప్పు ముట్టుకునేది కాదు.

ఎనభై రెండు చలికాలంలో ఒక శనివారం ఆయన కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, దాని వైపు ఒకసారి చూసి, గుటక వేసి కింద పెట్టేశారు.

"చేదుంది. కాఫీ లేదు," అన్నారు.

మేమంతా నవ్వాం. తర్వాత మొదలైంది మా భజన. మనవాళ్లు నలుగురు చేరితే పాడే పాటే అది. ఈ దేశంలో మల్లెపూలకి వాసన లేదు, కొత్తిమీరకి లేదు, మామిడిపండు సంగతి చెప్పక్కర్లేదు. "నేలలో లేదండీ సారం," అన్నాడు భాస్కర్. ఔనంటే ఔనన్నారందరూ. ఈ దేశం వచ్చినప్పట్నుంచీ అందరూ అంటున్న మాటే ఆయనా అన్నారు కాబట్టి, ఆయన అన్నది ఇంకేదో అయుండొచ్చని ఒక్కరికీ తట్టలేదు. ఆ పాట ఇప్పుడు ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. లేచి పోతాను.

ఆయన ముందు గింజల్ని అనుమానించారు. రకరకాలవి మార్చారు. తర్వాత నీళ్లన్నారు, సీసా నీళ్లొచ్చాయి. చివరికి తప్పు మర మీదికి పోయింది. పళ్లు అరిగాయన్నారు. ఇంకోటి కొన్నారు, ఆ పైన మరోటి. వంటింటి గట్టు మీద మూడు మరలు వరసగా కూర్చున్నాయి. "ఆడలేక మద్దెల ఓడంటే ఇదే," అని భాస్కర్ వేళాకోళం చేస్తే, ఎప్పుడూ నవ్వేసే మనిషి గబుక్కున లేచి లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

అసలు మనిషే మారుతున్నాడు. మాట తూలని ఆయన పిల్లి మీదా ఎలక మీదా పెట్టి విసుక్కోవడం మొదలుపెట్టారు. ఒకరోజు వదిన ఇచ్చిన డికాక్షన్ గిన్నె పళంగా సింక్‌లో వంపేశారట. ఇంకోరోజు నేను మెట్లెక్కుతుంటేనే మాడు వాసన కొట్టింది. తలుపు తీసి చూస్తే స్టవ్ మీద పాలగిన్నె నల్లబడి పొగలు కక్కుతోంది. వదిన లాండ్రీకి కిందికెళ్లింది. పక్క గదిలో అన్నయ్యగారు తీరిగ్గా పేపర్ చదువుకుంటున్నారు. "ఏవమ్మా, ఎప్పుడొచ్చావు?" అన్నారు నన్ను చూసి.

ఆ సాయంత్రం వదిన మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది.

"పాలు మాడిపోతుంటే లేవలేదు నళినీ. అంత కోపం నా మీద. పొరుగింటి పుల్లకూర రుచంటారు, బయటి కాఫీ అయినా తాగుతారా అంటే అదీ లేదు. పంతొమ్మిదేళ్ల కాపురంలో నాకొచ్చింది ఆ ఒక్క కాఫీ. అదీ వద్దంటే ఇంక నేనెందుకు ఆ ఇంట్లో?"

"కోపం కాదు వదినా, ఆఫీస్‌లో టెన్షనేమో," అన్నాను.

"ఒక్కసారి బావుందంటే చాలు. ఇంకేం అడగను," అంది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడకి కావలసింది నిజంగా అంతే.

రెండో చలికాలమూ గడిచాక, ఏప్రిల్లో ఆయన పుట్టినరోజు వచ్చింది. మర కొన్న షాపుకే తీసికెళ్లి, ఆయనకి నచ్చిన గింజలు ఆయన చేతే ఏరించి, తిరిగొచ్చి అన్నీ మళ్లీ మొదట్నుంచీ చేద్దామని వదిన పట్టుబట్టింది. నన్నూ తోడు రమ్మంది. హొబోకెన్‌లో ట్రైన్ దిగి పైకొచ్చాం. ఆ వేళ ఫ్యాక్టరీలో గింజలు గట్టిగా వేయిస్తున్నట్టున్నారు. ఆ వాసన గొంతులోకి దిగుతోంది.

"అబ్బ! ఈ వాసనకే కడుపు నిండిపోయేట్టుంది," అన్నాను.

అన్నయ్యగారు నా వైపు తిరిగి, "ఏం వాసనమ్మా?" అన్నారు.

పరాచికమనుకున్నాను. కాదు. ఆయన కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. "ఈ వేళ ఫ్యాక్టరీ సెలవు కదూ?" అన్నారు. దూరంగా గొట్టంలోంచి పొగ లేస్తోంది. ఆయన దాన్ని చూశారు. దారిన పోయే వాళ్లని చూశారు. గబగబా నడిచి ఆ ఇటాలియన్ షాపులో దూరి, గింజల బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి ముక్కుకి ఆనించుకున్నారు. వదిలేశారు. వెల్లుల్లి గడ్డ తీసి గోటితో చీల్చి చూశారు. సబ్బు బిళ్ల తీశారు. ముసలాయన అయోమయంగా చూస్తున్నాడు.

"ప్రమోదా," అన్నారు చివరికి, మెల్లిగా, పాత గొంతుతో. "నీ కాఫీ బానే ఉందే. పోయింది నా ముక్కు."

ఆ క్షణాన వదిన మొహంలో మొదట కనపడింది భయం కాదు, ఊరట. ఆ ఊరట తల్చుకుని తర్వాత ఎంత కుమిలిపోయిందో నేను చూశాను. ఎవరికి రాదు ఆ ఊరట? రెండు చలికాలాలు ఆ మాట కోసమే బతికింది.

మా శనివారాల్లో అప్పుడప్పుడూ వచ్చే డాక్టర్ మూర్తిగారు సంగతి విన్న మర్నాడే స్కాన్‌కి పంపారు. నుదుటి వెనక, ముక్కుకి సరిగ్గా పైన, గడ్డ. ఏళ్ల తరబడి మెల్లిమెల్లిగా పెరిగింది. వాసన తెలిసే నరాల మీదే కూర్చుంది. ఆ కోపం, ఆ విసుగు కూడా దాని చలవేనట. "ఇది చిన్నగా ఉన్నప్పుడు చూసుంటే..." అని మూర్తిగారు మాట మింగేశారు. చాలా పెద్దదైపోయింది, తియ్యడం రిస్క్, తియ్యకపోతే చూపు పోతుంది, ఆ తర్వాత మనిషే పోతాడు అన్నారు. సర్జరీ న్యూయార్క్‌లో పెట్టుకున్నారు.

ఆ పొద్దున నేను వదినతో పాటు వెళ్లాను. ఆయనకి గుండు చేసేశారు. "తిరుపతి మొక్కు ఇక్కడే తీరిపోయిందమ్మా," అన్నారు నన్ను చూసి. వదిన చేతిలో ఫ్లాస్కు ఉంది. తెల్లారకముందే లేచి, మొదటి మరలో, తనే పిడి తిప్పి పొడి చేసి కలుపుకొచ్చిన కాఫీ.

"నోట్లో ఏం వెయ్యకూడదన్నారు కదండీ. తర్వాతకని తెచ్చాను," అంది.

"తర్వాతకెందుకు, ఇప్పుడే పొయ్యి. నేను తాగన్లే. నువ్వు చూసి చెప్పు."

వదిన ఫ్లాస్కు మూతలో కొంచెం పోసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆయన కళ్లు మూసుకున్నారు.

"ఊఁ?"

"వేయించిన వాసన ముందొస్తోందండీ. కొంచెం... బెల్లం పాకం లాగా."

"చికోరీ?"

"ఉంది. మీకు కావాల్సినంతే."

"పాలు?"

"పొంగు రాగానే దింపేశాను."

ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు, ఏదో అందుతుందన్నట్టు. ఏమీ అందలేదని మాకు తెలుసు. కళ్లు తెరిచి ఆవిడ వైపు చూశారు.

"బావుంది," అన్నారు.

స్ట్రెచర్ వచ్చింది. ఆయన్ని తీసుకెళ్లారు. మేమిద్దరం వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాం. పొద్దున అనగా వెళ్లిన సర్జన్ చీకటి పడే వేళకి బయటికొచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని వదిన పక్కన కూర్చున్నాడు. నిలబడి చెప్పలేదు. దాంతోనే మాకు తెలిసిపోయింది. రక్తం ఆగలేదన్నాడు. సారీ అన్నాడు.

వదిన ఏడవలేదు. గోడకేసి చూస్తూ కూర్చుంది. పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు, పడిపోతుందేమోనని నాకు భయమేసి ఫ్లాస్కు మూత తీశాను. ఇంకా వెచ్చగానే ఉంది. వాసన గుప్పుమని గదంతా పరుచుకుంది. ఎదురు కుర్చీలో ఎవరికోసమో ఎదురుచూస్తున్న తెల్ల ముసలావిడ, మా సంగతి తెలియనిది, తలెత్తి నవ్వింది.

"ఎంత మంచి వాసనమ్మా! ఎవరు చేశారు?" అని అడిగింది ఇంగ్లీషులో.

అప్పుడు ఏడ్చింది వదిన. నేను మూతలో పోసి చేతికిస్తే రెండు చేతులా పట్టుకుని, ఆయన నియమం ప్రకారం ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. అది చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుంది. తాగలేదు.