ఎద్దు ముందర విస్తరి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ఎద్దు మెడ కుళ్ళింది. అరవై ఏళ్ళు దాటినా ఆ కంపు నా ముక్కును ఇడిసిపెట్టలేదు. ఎవురైనా పెద్ద బండి కొన్నామని, దానికి పూలదండ ఏసి ఫోటో తీసి సెల్లులో చూపిస్తే నాకు మొదట తగిలేది ఆ కంపే. మొన్నామధ్య నా కొడుకు అట్లాంటి ఫోటోనే తెచ్చి చూపించినాడు. వానిది కాదులే, షోరూములో నిలబెట్టిన బండి. ఇప్పుడుండే చిన్న ట్రక్కు ఇచ్చేసి, దానికి రెండింతలు మోసే పికప్పు తెచ్చుకుంటాడంట. లోనుకు నా సంతకం కావాల. సంతకం మాట పక్కన పెట్టి నాకు ఆ ఎద్దు గుర్తొచ్చింది.

మాది పూతలపట్టు పక్కన చిన్న పల్లె. మా నాయన బాడుగబండి తోలేవాడు. గానుగల కాడ వండిన బెల్లాన్ని చిత్తూరు మండీకి చేర్చేది ఆయన పని. మొదట మాకు కట్టె చక్రాల బండి ఉండేది. పోతా ఉంటే కిర్రుకిర్రుమని ఊరంతా ఇనపడేది. ఒకరోజు నాయన ఆ బండిని ఇచ్చేసి టైరు బండి తోలుకొచ్చినాడు. ఇనుప ఇరుసు, రబ్బరు చక్రాలు. సద్దు లేకుండా వీధిలోకి వచ్చి నిలబడింది. అబ్బ, ఆ పొద్దు మా సంబరం చూడాల! నేను ఎనిమిదేళ్ళదాన్ని. అందరికన్నా ముందు ఎక్కి కూర్చున్నది నేనే.

రబ్బరు చక్రం సులువుగా దొర్లుతుంది, ఎద్దులకు సుఖం అని నాయన చెప్పినాడు. ఆ మాట అబద్ధం కాదు. మొదటి వారం పాత లెక్కనే బెల్లం ఎత్తినాడు, ఎద్దులు ఆడతా పాడతా నడిచినాయి. రెండో వారం బండి మోస్తాది గదా అని సగం ఎక్కువ ఏసినాడు. ఆ తర్వాత అదీ చాలలేదు. అటూ ఇటూ పలకలు కొట్టించి ఎత్తు పెంచినాడు. ఎద్దుల సుఖం వారం రోజులే. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, పలకలు కొట్టే రోజు వాకిట్లో నిలబడి ఒక్క మాటే అడిగింది.

"బండిని మార్చినావు, సరే. ఎద్దుల్ని యాడ మార్చినావురా?"

నాయన నవ్వి ఊరుకున్నాడు. నేనూ నవ్వినాను. ముసిల్దానికి కొత్తది ఏదీ నచ్చదు అనుకున్నాం.

రెండు చక్రాల బండికి బరువు ముందుకు పడితే అదంతా కాడి మీదకు, కాడి నుంచి మెడ మీదకు వస్తుంది. మాకుండే జతలో ఎర్రెద్దు కాస్త పొట్టిది. బరువు దాని పక్కకే ఒరిగేది. ముందు మెడ మీద వెంట్రుకలు రాలినాయి. తర్వాత తోలు కమిలింది. ఆ తర్వాత పగిలి చీము పట్టింది. నాయన దాని మీద గోనెపట్ట మడిచి పెట్టి, పైన కాడి ఎత్తేవాడు. గోనెపట్ట ఎందుకో తెలుసునా? పుండుకు మెత్తగా ఉండాలని గాదు, దారిలో పొయ్యేవాళ్ళు చూడకుండా. సాయంత్రం కాడి దించి ఆ పట్టను పీకితే, దాంతో పాటు తోలు వచ్చేది. ఛీ, చెప్తావుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తా ఉంది. చెప్పకుండా ఉంటే మాత్రం అబద్ధం చెప్పినట్టే.

ఒక సంతరోజు నేనూ చిత్తూరుకు పోతానని మారాం చేసినాను. నాయన నన్ను బెల్లం మూటల మీద కూర్చోబెట్టినాడు. చేతిలో బెల్లం గడ్డ, మీద ఎండ, కింద మెత్తటి రబ్బరు చక్రాలు. రాణి మాదిరి పోయినాను. వాగు దాటినాక ఒక మిట్ట వస్తుంది. దాని నడిమధ్యలో ఎర్రెద్దు మోకాళ్ళ మీద పడింది. బండి వెనక్కి జారబోయింది. నాయన చక్రానికి రాయి పెట్టి వచ్చి ఎద్దును లేపను మొదలుపెట్టినాడు. ముల్లుగర్రతో పొడిచినాడు. తోక మెలేసినాడు. లేయలేదు. అప్పుడు ఆ తోకను రెండు చేతులా పట్టుకోని పండ్లతో కొరికినాడు.

బండ్లు తోలేవాళ్ళు అప్పట్లో అట్లా కొరికేది మామూలే. కానీ నా నాయన నోట్లో ఎద్దు తోక నేను చూసింది ఆ పొద్దే. పేడ అంటిన తోక. ఎద్దు అరవను గూడా లేదు, కండ్లు తేలేసి లేచి నిలబడింది. నాయన థూ అని ఊసి, మూతి తుడుచుకోని బండి తోలినాడు. అంతసేపూ నేను మూటల మీదనే కూర్చోనుండాను. దిగాలని నాకు తోచలేదు. దిగితే నడవాల గదా.

ఇంటికొచ్చి దాన్ని నేను తమాషా కథ మాదిరి చెప్పినాను. నాయన తోక ఎట్లా కొరికినాడో, ఎట్లా ఊసినాడో చేసి చూపించి పడీ పడీ నవ్వినాను. అవ్వ మాత్రం నవ్వలేదు. చేటలో బియ్యం చెరుగుతా ఉన్నది చేటను కింద పెట్టి, ఎద్దుల కొట్టంలోకి పోయి చాలాసేపు రాలేదు.

మర్నాడు మధ్యాన్నం అన్నం యాళకు వంటింట్లో మాకు విస్తర్లు లేవు. అవ్వ వాటిని కొట్టంలో ఏసుండాది. ఎర్రెద్దు కట్టేసిన గుంజకు ఎదురుగా, మూరెడు దూరంలో. గోనెపట్ట తీసేసింది. సంగటి, దాని పక్కన నంజుకోను ఊరిబిండి పెట్టి నాయనను పిలిచింది. ఇదేం పిచ్చే అని నాయన గొంతు లేపినాడు. అవ్వ కసురుకోలేదు. నిమ్మళంగా చెప్పింది.

"ఇన్నాళ్ళూ నీకు సంగటి పెడతా ఉండేది నేను గాదు నాయనా, వాడు. పెట్టేవాని మొగం సూసుకుంటా తిను."

నాయనకు పౌరుషం వచ్చి కూర్చున్నాడు. అప్పుడు నేను చూస్తే ఆడ రెండు విస్తర్లు ఉండాయి. రెండోది నాకు. నేనేం చేసినా అని ఏడుపు అందుకున్నాను. బరువుల్లో నువ్వు గూడా ఒక బరువే గదమ్మా, కూసో అనింది అవ్వ. నన్ను ఎప్పుడూ ఎత్తుకోని ముద్దలు పెట్టే మనిషి, ఆ పొద్దు నన్ను భుజం పట్టి కూర్చోబెట్టింది.

ఈగలు పుండు మీద నుంచి లేచి సంగటి మీద వాలతా ఉండాయి. సంగటి మీద నుంచి లేచి మళ్ళీ పుండు మీదకు పోతా ఉండాయి. పుండు లోపల తెల్లగా ఏదో కదిలింది. పురుగులు. నాయన ముద్ద చేసినాడు గానీ నోటి దాకా రాలేదు. లేచి చెయ్యి కడుక్కోని వెళ్ళిపోయినాడు. నేను పేడకుప్ప పక్కన కక్కుకున్నాను. అవ్వ నా నోరు కడిగి, మొగం తుడిచింది. లోపలికి తీసుకపొయ్యి వేరే అన్నం మాత్రం పెట్టలేదు.

రాత్రికి ఎవురమూ తినలేదు. మర్నాడు మళ్ళీ ఆడనే రెండు విస్తర్లు. మళ్ళీ నాయన లేచిపోయినాడు. ఈసారి నేను మజ్జిగ తాగి సరిపెట్టుకున్నాను. మూడోనాడు పొద్దున్నే నాయన వేపాకు నీళ్ళు కాగబెట్టినాడు. నన్ను చెంబు పట్టుకోమన్నాడు. ఆ పుండును చేత్తో కడిగి, ఒక్కొక్క పురుగునూ ఏరి పారేసి, పసుపూ వేపనూనే పట్టించినాడు. ఎద్దు వణికితే దాని గంగడోలు నిమురుతా నాయన ఏదో గొణిగినాడు. ఏమన్నాడో నాకు ఇనపడలేదు. తర్వాత చెయ్యి కడుక్కోని వచ్చి, అవ్వ ఏసిన విస్తరి ముందర కూర్చోని సంగటి తిన్నాడు. నేను గూడా తిన్నాను. నాయన చేతికి పసుపు వాసన, వేపనూనె వాసన, దాని కింద ఇంకా ఆ కంపు. ఎట్లనో మింగినాను.

ఎర్రెద్దుకు రెండు నెలలు కాడి లేదు. టైరు బండి మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది, ఆ తర్వాత తోలింది పాత లెక్క బెల్లంతోనే. పలకల్ని అవ్వ కోళ్ళగూటికి కొట్టించింది. నాయన చచ్చేదాకా తన తప్పని ఒప్పుకోలేదు, మొగోళ్ళకు అదొక రోగం. కానీ పుండు మానిన తావులో ఎర్రెద్దుకు తెల్ల వెంట్రుకలు వచ్చినాయి, నాయన చెయ్యి ఎప్పుడూ ఆడికే పొయ్యేది.

ఇప్పుడు నా కొడుకు సంగతి. వాడు మామిడి కాలంలో తోతాపురి కాయల్ని తోపుల్లో నుంచి జ్యూస్ ఫ్యాక్టరీలకు తోలతాడు. ఫ్యాక్టరీ గేటు కాడ బండ్లు బారులు తీరి ఉంటాయి. ఒక పగలు, ఒక రాత్రి, ఒక్కొక్కసారి రెండు పగళ్ళు. బండి ఇడిసి పక్కకు పోతే వెనకోడు దూరేస్తాడు. అన్లోడు చేసి, నిద్ర లేకుండానే మళ్ళీ తోపుకు పోతాడు. నేనేమో వీధిలో కూర్చోని మావోడు రెండు రోజులు కండ్లు మూయలేదని గొప్పగా చెప్పుకుంటా ఉంటి. ఛీ, నా బుద్ధికి ఏమనాల!

ఫోటో చూపించిన మర్నాడు వాడు లోడు దించి తిరిగొచ్చి, పళ్ళెంలో చెయ్యి పెట్టుకోనే నిద్ర పోయినాడు. నేను బండి కాడికి పోయి తలుపు తీసినాను. తీయంగానే తెలిసిన కంపే మొగాన కొట్టింది. వీడూ వెనకాల పలకలు కొట్టించి ఎత్తు పెంచినాడు, అడుగున కాయలు నలిగి రసం కారి పులిసిపోయింది. లోపల సీటంతా గుట్కా పొట్లాలు, తలుపు మీద ఎర్రటి ఉమ్ము చారలు. సీటు కింద సీసా. అందులో నీళ్ళు గాదు. గేటు కాడ బండి దిగను లేక నా బిడ్డ దాంట్లోనే కానిస్తా ఉండాడు. ఎవురిని తిట్టుకోవాలో నాకు తెలీలేదు. ఫ్యాక్టరీవాళ్ళనా, వీణ్ణా, నన్నా?

వాడు లేచేసరికి రెండు పళ్ళాలు తీసుకపోయి ఆ సీటు మీద పెట్టినాను. ఎక్కి నేనూ పక్కన కూర్చున్నాను.

"ఏంది మా ఇది? ఈ గలీజులోనా?"

"నువ్వు రోజూ ఉండేది ఈడనే గదరా. రా, తిందాం."

వాడికి ఎర్రెద్దు కథ ఎప్పుడూ చెప్పలేదు. ఆ సీటు మీద కూర్చోబెట్టి అంతా చెప్పినాను, తోక కొరికింది గూడా. వాడు ముద్ద చేసి అట్లే పట్టుకోని ఉండాడు. కడాన ఒకటే అడిగినాను. కొత్త బండికి పలకలు కొట్టకుండా, పాత లోడే ఏసి, రాత్రిళ్ళు నిద్రపోయి తోలతావా? తోలతానంటే కాగితాలు ఇప్పుడే తీసుకురా, సంతకం పెడతాను.

"అట్ల తోలితే లోను కంతులు యాడ కట్టేది మా?" అన్నాడు మెల్లగా.

అంతే గదా. బండి పెరిగితే లోడు పెరగల్ల, లోడు పెరిగితే మేలుకునే రాత్రులు పెరగల్ల. వాడొక్కడు మాత్రం అదే వాడు. వాని కండ్ల కింద నలుపు చూస్తావుంటే, గోనెపట్ట కింద కమిలిన తోలు చూసినట్టే ఉండాది నాకు. నేను సంతకం పెట్టనంటే పెట్టనని చెప్పేసినాను. వాడు ముద్దను పళ్ళెంలో ఇడిసి, సీటు కింద నుంచి ఆ సీసా తీసుకోని నా మొగం చూడకుండా దిగిపోయినాడు. కాసేపటికి బక్కెట నీళ్ళతో వచ్చినాడు. నేను గుడ్డ తీసుకోబోతే, నువ్వు ఈ గలీజు ఎత్తొద్దు మా అని లాక్కున్నాడు. అయినా నేను ఇడవలేదు, ఇద్దరమూ కలిసి కడిగినాం. ఎంత కడిగినా ఆ వాసన పూర్తిగా పోలేదు.

వాడికి నా మీద కోపం ఇంకా ఉండాది. ఆ ఫోటో ఇంకా వాని సెల్లులోనే ఉండాది. రేపు ఇంకెవురి సంతకమో తెచ్చుకుంటాడేమో, నాకు తెలీదు. మా అవ్వకైతే మూడు రోజులు చాలినాయి, నాకు ఎన్ని పడతాయో. అన్నం పళ్ళెం మాత్రం రోజూ ఆ బండి కాడికే పోతా ఉండాది, నాది గూడా.

నేను ఆ పొద్దు నుంచి మోస్తా ఉండేది ఎర్రెద్దు పుండునో, నాయన నోట్లో తోకనో గాదు. ఆ మిట్ట నడిమధ్యలో, ఎద్దు మోకాళ్ళ మీద ఉంటే, పైన బెల్లం గడ్డ చప్పరిస్తా కూర్చోనుండే పిల్లను. అప్పుడు దిగాలని ఆ పిల్లకు తోచలేదు. కొడుకు మేలుకున్న రాత్రుల మీద ఎక్కి కూర్చోని గొప్పలు చెప్పుకునింది గూడా ఆ పిల్లే. ఇప్పుడు దిగినాను.